బ్లాక్ సబ్బాత్ (ఆల్బమ్)

ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌కు చెందిన బ్లాక్ సబ్బాత్ బృందం తొలి ఆల్బమ్. 1970 ఫిబ్రవరి 13న, శుక్రవారం నాడు, వెర్టిగో రికార్డుల సంస్థ విడుదల చేసింది. హెవీ మెటల్ సంగీతానికి ఆది గ్రంథం లాంటిదిగా చాలామంది దీన్నే చెబుతారు. ఆ మాట అతిశయోక్తి కాదు.

గాయకుడు ఆజీ ఆస్బోర్న్, గిటారిస్టు టోనీ అయోమీ, బేస్ గిటార్ వాయించిన గీజర్ బట్లర్, డ్రమ్మర్ బిల్ వార్డ్ నలుగురూ కార్మికవాడల పిల్లలే. రేకుల కర్మాగారంలో యంత్రం కింద నలిగి అయోమీ కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ఎడమచేతివాటం గనక తీగలు నొక్కాల్సింది ఆ వేళ్లే. ప్లాస్టిక్ సీసా కరిగించి తొడుగులు చేసుకున్నాడు, పలచటి తీగలు కట్టాడు, మళ్లీ వాయించాడు.

రాడ్జర్ బెయిన్ నిర్మాతగా, 1969 అక్టోబరులో లండన్‌లో దాదాపు ఒక్కరోజులోనే రికార్డింగ్ ముగిసింది. వాన, ఉరుము, గంట మోతతో మొదలయ్యే తొలి పాటకు బృందం పేరే పెట్టారు. దాని ప్రాణమంతా మూడే స్వరాల్లో ఉంది: ఆధార స్వరం, దాని పైస్థాయి, ఆ తర్వాత గుండె దడ పుట్టించే మూడో స్వరం. ఆధార స్వరానికీ ఈ మూడో స్వరానికీ మధ్య ఉన్నది మన కర్ణాటక సంగీత పరిభాషలో షడ్జమానికీ ప్రతిమధ్యమానికీ ఉన్న దూరమే. కల్యాణి రాగంలో హాయిగొలిపే ఆ స్వరమే ఇక్కడ భయపెడుతుంది.

ఆల్బమ్ అట్ట మీద కనిపించే పాత నీటి మర ఇంగ్లండ్‌లోని మేపుల్‌డర్హమ్‌లోది. ఆల్బమ్ బ్రిటన్ ఆల్బమ్‌ల చార్టులో 8వ స్థానానికి చేరింది.