చిరివేరు

చిరివేరు: ఇసుక నేలల్లో పెరిగే చిన్న మొక్క, దాని వేరు నుంచి దిగే ఎర్రరంగు. శాస్త్రనామం ఓల్డెన్‌లాండియా అంబెల్లాటా. కాఫీ, మంజిష్ఠ, తొగరు చెట్టు కూడా దీని కుటుంబానివే. వట్టివేరుకు మల్లే దీనికీ పేరు తెచ్చింది వేరే. పైకి కనిపించే మొక్క జానెడు, తెల్లని చిట్టి పూలు. అరవంలో దీన్ని సాయవేరు అంటారు. సాయమంటే అద్దకపు రంగు. యూరప్ వర్తకులు ఆ మాటనే ‘చాయ్’ అని రాసుకున్నారు. పాత కంపెనీ కాగితాల్లో చాయ్ కనిపిస్తే తేనీరు అనుకోకూడదు.

కొండవీటి సీమ చిరివేరు అన్నంత మాత్రాన కొండల మీద పండే పంట కాదిది. కొండవీటి సీమకు తూర్పు అంచు సముద్రం. మోటుపల్లి, పెదపల్లె (నేటి నిజాంపట్నం) రేవులు ఆ అంచునే ఉన్నాయి. చిరివేరుకు నప్పేది ఆ ఇసుకే.

కాకతీయుల కాలంలో మోటుపల్లి మీదుగా వచ్చిన మార్కో పోలో ఇక్కడి సన్నని నూలుబట్టల్ని మెచ్చుకున్నాడు. 1353 నుంచి 1364 వరకు ఏలిన అనవోతారెడ్డి రాజధానిని అద్దంకి నుంచి కొండవీటికి మార్చాడు. 1358లో మోటుపల్లి వర్తకులకు అభయశాసనం ఇచ్చాడు. 1515లో కొండవీటి కోట శ్రీకృష్ణదేవరాయల వశమైంది. 1579లో గోల్కొండ సుల్తానుల చేతికి వచ్చి ముర్తజానగర్ అయింది.

చిరివేరు చరిత్రలో నిండు అధ్యాయం ఆ తర్వాతిది. డచ్చివారు 1605లో మచిలీపట్నంలో, 1606లో పెదపల్లెలో కొట్లు తెరిచారు. 1611 ఆగస్టులో ‘గ్లోబ్’ అనే ఇంగ్లీషు ఓడ మొదట పెదపల్లె దగ్గర ఆగి, తర్వాత మచిలీపట్నం చేరింది. వీళ్లందరికీ కావలసింది జావా, మొలక్కా దీవుల మిరియాలు, లవంగాలు, జాజికాయ. ఆ దీవులవాళ్లు అడిగేది కోస్తా అద్దకపు బట్ట. వెండి పోసినా కుదరని బేరం ఎర్రంచు బట్టతో కుదిరేది. అంచేత సుగంధ ద్రవ్యాల వ్యాపారానికి పెట్టుబడి ఒక విధంగా ఈ వేరే. 1618 నుంచి 1622 వరకు మచిలీపట్నంలో ఉన్న ఇంగ్లీషు వర్తకుడు విలియం మెత్‌వోల్డ్ గోల్కొండ రాజ్యం గురించి రాసిన చక్కని వృత్తాంతం 1626లో అచ్చయింది. ఈ వేరు నిఖార్సయిన ఎరుపునిస్తుందనీ, తమ దేశంలో స్కార్లెట్‌కు ఉన్నంత విలువ ఇక్కడ దీనికి ఉందనీ, ఇది సుల్తాను సొంత సరుకనీ అతను చెప్పాడు. అటు సింహళంలో డచ్చివారు కూడా ఈ వేరు తవ్వకాన్ని తమ గుప్పిట్లోనే ఉంచుకున్నారు.

వేరు ఒక్కటే చాలదు. నూలుబట్టను ముందు కరక్కాయ కషాయం, గేదెపాలు కలిపి అందులో నానబెడతారు. పాలలోని కొవ్వు రంగును చెదరనివ్వదు. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్లతో గీస్తారు. అప్పటికి బట్ట మీద ఏమీ కనబడదు. ఆనక చిరివేరు పొడి వేసిన నీళ్లలో ఉడకబెడితే పటిక తగిలిన గీతలు మాత్రమే ఎర్రబడతాయి. తక్కిన చోట అంటిన మరకను పేడనీళ్లలో నానబెట్టి, తడుపుతూ ఎండబెట్టి పోగొడతారు. పటిక బదులు, తుప్పుపట్టిన ఇనుమును బెల్లపు నీళ్లలో పులియబెట్టిన కసీం వాడితే నలుపు. వేరులోని రంగు పదార్థం అలిజరిన్. దానికి పటికతో పాటు సున్నం తోడైతేనే ఎరుపు నిలుస్తుంది. గవ్వపెంకులు నలిగిన తీరపు ఇసుకలో పెరిగిన వేరుకు పేరు రావడంలో వింత లేదు. సాగుచేసిన మొక్కను రెండేళ్లు పెరగనిచ్చి తవ్వేవారు.

పుదుచ్చేరి ప్రాంతంలో ఉండిన ఫ్రెంచి పాదిరి కూర్దూ ఈ పనంతా అద్దకందారుల దగ్గర అడిగి తెలుసుకుని 1742లో స్వదేశానికి ఉత్తరం రాశాడు. తెలుగు, సంస్కృతం బాగా నేర్చిన పండితుడాయన. అప్పటికి ఫ్రాన్సులో ఈ బట్టల మీద 1686 నాటి నిషేధం నడుస్తోంది. అది 1759 దాకా పోలేదు. ఇంగ్లండు 1721లో అద్దకపు నూలుబట్టల్ని కట్టుకోవడమే నేరం చేసింది. సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ 1795లో మొదలైన తన కోరమాండల్ మొక్కల గ్రంథంలో దీనికి బొమ్మ వేయించి, తెలుగు పేరు కూడా చేర్చాడు.

కొండవీటి సీమ ఉన్న గుంటూరు సర్కారు 1788లో ఈస్టిండియా కంపెనీ పాలనలోకి వచ్చింది. 1868లో జర్మనీలో గ్రేబ్, లీబర్మన్ అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారుచేశారు. మరుసటి ఏడే అది కర్మాగారానికి ఎక్కింది. తవ్వనక్కర్లేదు, రెండేళ్లు ఆగనక్కర్లేదు. చిరివేరు బేరం పడిపోయింది.

పెడన కలంకారీలో నేటికీ అచ్చు అద్ది, పటిక పట్టించి, రాగి గాబుల్లో ఉడకబెడతారు. గాబులో పడేది మాత్రం డబ్బాలో వచ్చిన అలిజరిన్. శ్రీకాళహస్తి కలంకారీలో మంజిష్ఠ జాతి చవలకొడి, సురుడు చెక్క వాడుక ఉంది. కొండవీడు ఇప్పుడు పల్నాడు జిల్లా యడ్లపాడు మండలంలో, నిజాంపట్నం బాపట్ల జిల్లాలో ఉన్నాయి.