రెండో కాన్పు దిగులు

మొదటి బిడ్డ ఏ ఇబ్బందీ లేకుండా పుట్టాక రెండో బిడ్డ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సి రావడాన్ని వైద్యులు ద్వితీయ వంధ్యత్వం అంటారు. ముప్పై ఏడో ఏటో, ముప్పై ఎనిమిదో ఏటో ఈ స్థితిలో పడిన దంపతులు ఇప్పుడు తెలుగు పట్టణాల్లోని సంతాన సాఫల్య కేంద్రాల్లో తరచూ కనిపిస్తారు. ఒక్క బిడ్డతో కాన్పులు ఆగిపోవడం పాత సంగతే. కాకి జన్మలో ఒక్కసారే కంటుందన్న నమ్మకంతో పూర్వులు అలాంటి స్త్రీని కాకవంధ్య అన్నారు. అయితే ఈ దిగులు పట్టుకునే వయసూ, సరిగ్గా ఇద్దరుండాలన్న లెక్కా మాత్రం గడిచిన యాభై అరవై ఏళ్లలో వచ్చినవే.

అంతకు ముందు తెలుగు ఇళ్లలో కాన్పులకు లెక్క ఉండేది కాదు. చిన్నతనంలోనే పెళ్లి, పదహారు పదిహేడేళ్లకు తొలిచూలు. ఆ పురుడు పుట్టింట్లో, మలి పురుడు అత్తింట్లో. చంటివాడు పాలు తాగినన్నాళ్లు కొంత ఎడం, ఆ తర్వాత మళ్లీ కడుపు. ముప్పై అయిదు దాటినా ఇది సాగేది. తల్లీ కూతుళ్లు ఒకే ఏడు నీళ్లోసుకుంటే నలుగురూ నవ్వేవారే గాని, ఎవరూ ఆశ్చర్యపోయేవారు కాదు. మేనకోడలి కంటే చిన్నవాడైన మేనమామ ఏ ఊళ్లో చూసినా ఉండేవాడు. కడగొట్టు బిడ్డలు చాలామంది తల్లికి నలభై దగ్గర పడ్డాక పుట్టినవాళ్లే.

ఆనాటి భయం పుడతారా అన్నది కాదు, దక్కుతారా అన్నది. పుట్టినవాళ్లు పుట్టినట్టే పోతుంటే, తర్వాతి బిడ్డను పెంటకుప్ప మీదనో, ఎంగిలి విస్తళ్ల మీదనో కాసేపు పడుకోబెట్టి తిరిగి ఎత్తుకొచ్చుకునేవారు. ఎవరికీ అక్కర్లేనిదని మృత్యువు కూడా వదిలేస్తుందని ఆశ. పెంటయ్య, పెంటమ్మ, పుల్లయ్య అన్న పేర్లు అలా వచ్చాయి. పాత పొలం కాగితాల్లోనూ ఓటర్ల జాబితాల్లోనూ ఆ పేర్లు చదువుతుంటే, ఒక్కో పేరు వెనక ఎందరు పసివాళ్లు పోయారో అనిపించక మానదు.

ఒంటి కన్ను కన్నూ కాదు, ఒంటి బిడ్డ బిడ్డా కాదన్న సామెతకు ఈ అనుభవమే పునాది. ధర్మశాస్త్రమూ ఇదే మాట మరో దారిలో చెప్పింది. ఒక్కగానొక్క కొడుకును దత్తత ఇవ్వరాదు, తీసుకోరాదు అన్నది వసిష్ఠుడి నియమం. కన్న వంశం నిలవడానికి ఆ ఒక్కడే దిక్కు గదా. అలా ఇస్తే ఆ దత్తత చెల్లుతుందా అన్న వాదన మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లింది. బలుసు గురులింగస్వామి, బలుసు రామలక్ష్మమ్మల వ్యాజ్యంలో 1899లో తీర్పు వచ్చింది: ఆ నియమం మనస్సాక్షికి చెప్పిన హితవే, దాన్ని మీరినంత మాత్రాన దత్తత రద్దు కాదు.

బిడ్డలు లేనివారికీ, ఒక్కరితో ఆగిపోయినవారికీ మొక్కుల దారి ఒకటే. కార్తీక శుద్ధ చవితి నాడు పుట్టలో పాలు పోసి, చలిమిడీ చిమ్మిలీ నైవేద్యం పెట్టి, పుట్టమన్ను చెవులకు రాసుకోవడం ఊరూరా ఉన్నదే. గోదావరి ప్రాంతంలోని బిక్కవోలు సుబ్రహ్మణ్యేశ్వరస్వామి ఆలయంలో సుబ్రహ్మణ్య షష్ఠి నాడు సంతానం కోరుకునే స్త్రీలు నాగుల చీర కట్టి గుడి వెనక పడుకుంటారు. నెల్లూరులో బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువు దగ్గర మొహర్రం రోజుల్లో రొట్టెల పండుగ జరుగుతుంది. కోరిక ఉన్నవారు నీళ్లలో దిగి, అదివరకే ఆ కోరిక తీరినవారి చేతి నుంచి రొట్టె అందుకుని తింటారు. తమ కోరిక తీరాక తిరిగొచ్చి మరొకరికి రొట్టె ఇస్తారు. అక్కడ సంతాన రొట్టెకు ఎప్పుడూ గిరాకీయే. హిందువులు, ముస్లింలు అన్న తేడా ఆ నీళ్లలో కనిపించదు.

మొక్కులకు అందని కారణం ఒకటి పురిటి గదిలోనే ఉండేది. గాలి చొరని గది, కొడవలితోనో వెదురు బద్దతోనో బొడ్డు కోయడం, కడగని చేతులతో మంత్రసాని చేసే సాయం. తొలి కాన్పులో సోకిన సూతికా జ్వరంతో తల్లి చనిపోకపోతే అదృష్టమే. బతికినా, ఆ చీము గర్భాశయం నుంచి అండవాహికల్లోకి పాకి వాటిని మూసేయవచ్చు. పైకి ఆరోగ్యంగా తిరిగే మనిషికి మళ్లీ నెల తప్పదు. జననాంగాల క్షయ కూడా ఇదే పని చేసేది, ఇప్పటికీ చేస్తోంది. 1883లో గుంటూరు వచ్చిన అమెరికన్ మిషనరీ వైద్యురాలు అన్నా కుగ్లర్ లాంటివారి ఆస్పత్రులు, తర్వాత 1930లలో సల్ఫా మందులు, 1940లలో పెన్సిలిన్ వచ్చాక ఈ ముప్పు తగ్గుతూ వచ్చింది. నింద మాత్రం అన్నాళ్లూ కోడలి మీదే. మొదటి బిడ్డను కన్న మగవాడిలో లోపమేముంటుందన్న ధీమా నేటికీ చెదరలేదు. వీర్యకణాల సంఖ్య, కదలిక ఏళ్లు గడిచేకొద్దీ మారతాయి గనుక వైద్యులు ఇద్దరికీ పరీక్షలు రాస్తారు.

రెండు అన్న అంకె ప్రభుత్వం నుంచి వచ్చింది. భారత ప్రభుత్వం కుటుంబ నియంత్రణ కార్యక్రమాన్ని 1952లో మొదలుపెట్టింది. 1960లలో ఎర్ర త్రికోణం గోడలకెక్కింది. ఇద్దరో ముగ్గురో చాలన్న ప్రచారం కొన్నేళ్లకే మేమిద్దరం, మాకిద్దరు దగ్గరికి కుదించుకుంది. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికి మించి పిల్లలున్నవారిని స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులను చేసింది. తెలుగు పల్లెలు ఈ లెక్కను పట్టుకున్నంత గట్టిగా దేశంలో బహుకొద్ది చోట్లే పట్టుకున్నారు. ఇరవై దాటకముందే పెళ్లి, వెంటవెంటనే ఇద్దరు పిల్లలు, పాతికేళ్లు వచ్చేసరికి ఆపరేషన్, అంతటితో సరి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లోని వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ట్యూబెక్టమీ చేయించుకున్నవారే. అప్పటికి సగటు సంతానం ఆంధ్రలో 1.7, తెలంగాణలో 1.8.

అంత తొందరగా అండవాహికలకు ముడి వేసేశాక బిడ్డ పోతే? ముడి విప్పి నాళాలను మళ్లీ కలిపే రీకెనలైజేషన్ శస్త్రచికిత్స ఈ ప్రశ్నకే జవాబు. 2004 సునామీలో పిల్లల్ని పోగొట్టుకున్న తల్లులకు తమిళనాడు ప్రభుత్వం దాన్ని తన ఖర్చుతో చేయించింది. నాళాలు కలిసినా అందరికీ గర్భం నిలవదు. నాళం ఎంత మిగిలింది, తల్లి వయసెంత అన్నవే ఫలితాన్ని తేలుస్తాయి.

వయసు లెక్క శాస్త్రానికి అందింది ఆలస్యంగానే. గర్భనిరోధం పాటించని హటరైట్లు అనే ఉత్తర అమెరికా క్రైస్తవ సమాజపు స్త్రీల కాన్పులను క్రిస్టఫర్ టీట్జె లెక్కగట్టి 1957లో ప్రచురించాడు. 34 ఏళ్ల తర్వాత మరి కననివారు 11 శాతం, 40 వచ్చేసరికి 33 శాతం, 45కు 87 శాతం. 1982లో ఫ్రెంచి పరిశోధకులు, భర్తకు వీర్యకణాలు లేక దాత వీర్యంతో ప్రయత్నించిన 2,193 మందిని పరిశీలించారు. ఏడాది ప్రయత్నంలో గర్భం దాల్చినవారు 30 లోపు 74 శాతం, 31–35 మధ్య 61 శాతం, ఆపైన 54 శాతం. ఈ అంకెలు చూపి గాభరా పెట్టినవారు, ఆ ఆఖరి వరసలోనూ సగం మందికి పైగా ఫలించిందన్న సంగతి అంత గట్టిగా చెప్పలేదు.

చదువు, ఉద్యోగం, పరదేశం కారణంగా ఒక వర్గంలో తొలి కాన్పే ముప్పై దాటాకగాని జరగడం లేదు. అమ్మమ్మకు కడగొట్టు బిడ్డ పుట్టిన వయసుకు మనవరాలు రెండో బిడ్డ గురించి ఆలోచించడం మొదలుపెడుతోంది. ముప్పై అయిదు దాటినవారు ఆరు నెలలు చూసి వైద్యుల దగ్గరికి వెళ్లాలన్న సలహా అందుకే. అంతకన్నా చిన్నవారికైతే గడువు ఏడాది.

మూసుకుపోయిన నాళాలకు దారి 1978లో, అండాన్ని దేహం వెలుపల ఫలదీకరించే ఐవీఎఫ్ పద్ధతితో దొరికింది. ఇంగ్లండ్‌లో లూయీస్ బ్రౌన్ జులైలో, కోల్‌కతాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్ కృషితో దుర్గ అక్టోబరులో పుట్టారు. సాటివారు నమ్మక, ప్రభుత్వ కమిటీ తోసిపుచ్చిన ముఖోపాధ్యాయ్ 1981లో ఆత్మహత్య చేసుకున్నాడు. లూయీస్ తల్లి లెస్లీ 1982లో రెండో కూతురినీ అదే పద్ధతిలో కన్నది. ఐవీఎఫ్ నాళాలను దాటించగలదు గాని, అండం వయసును వెనక్కి తిప్పలేదు. ముప్పైల చివర్లో మాట దాత అండాల దాకా వెళ్లేది అందుకే.

చట్టం ఈ విషయంలో రెండు వైపులా లాగుతోంది. 2021 సరోగసీ చట్టం ప్రకారం, బతికున్న బిడ్డ ఉన్న దంపతులకు ఆ బిడ్డకు వైకల్యమో ప్రాణాంతక వ్యాధో ఉంటే తప్ప అద్దె గర్భానికి అనుమతి లేదు. ఇద్దరికి మించితే పోటీకి పనికిరారన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో, జననాలు తగ్గిపోతున్నాయన్న కారణంతో ఎత్తేసింది.