డెస్టిట్యూట్: ఒక మాట కలకత్తా కథ

కాళీఘాట్ గుడి పక్కన యాత్రికుల సత్రంలో మదర్ థెరీసా 1952లో నిర్మల్ హృదయ్ తెరిచారు. దాని ఇంగ్లీషు పేరులో ‘డెస్టిట్యూట్’ అన్న మాట ఉంది. చివరి ఘడియల్లో పక్కన ఎవరూ లేనివాళ్లని అక్కడ దాని భావం. మాట పుట్టుకకూ ఇదే దగ్గర. లాటిన్ మూలానికి విడిచిపెట్టడం అని అర్థం. కటిక పేద అన్నది ఇంగ్లీషులో తర్వాత చేరింది. మనం దిక్కులేనివాళ్లు అనడం లేదూ, అలాంటిదే.

అంతకు తొమ్మిదేళ్ల ముందు, కరువు రోజుల్లో, కలకత్తాలో ఈ మాట సర్కారు కాగితాలకెక్కింది. 1942లో బర్మా జపాన్ చేతిలో పడి అక్కడి బియ్యం ఆగిపోయింది. అక్టోబరు తుపాను మిడ్నపూర్‌ను ముంచింది. యుద్ధ పరిశ్రమల కార్మికులకు ప్రభుత్వం ముందుగా బియ్యం అందేలా చూసింది. ఊళ్లలో కూలివాడికి ధర అందలేదు. 1943లో వేలాది జనం రైళ్లెక్కి, నడిచి నగరం చేరారు. వాళ్లు అన్నం కూడా అడగలేదు. గుమ్మాల ముందు రేకు డబ్బాలు పట్టుకుని ‘ఫ్యాన్ దావ్’ అన్నారు. ఫ్యాన్ అంటే వార్చిన గంజి.

ప్రభుత్వం మాత్రం కరువని ప్రకటించలేదు. ప్రకటిస్తే కరువు నియమావళి ప్రకారం పనులు పెట్టాలి, సాయం అందించాలి. కరువన్న మాటే రాని కాగితాల్లో ఈ జనం ‘డెస్టిట్యూట్లు’ అయ్యారు. ఆసుపత్రిలో చేరితే ‘సిక్ డెస్టిట్యూట్లు’. అక్టోబరులో ఆర్డినెన్సు తెచ్చి, వాళ్లను పట్టి శిబిరాలకు, ఊళ్లకు పంపే అధికారం తీసుకున్నారు. లారీల్లోకి ఎక్కించే తోపులాటలో తల్లీబిడ్డలు విడిపోయిన ఉదంతాలున్నాయి. పేదవాడి గురించి చెప్పాల్సిన మాటకు నగరంలో ఉండకూడనివాడన్న అర్థం వచ్చింది. ఆకలి కన్నా ఈ పేరు పెట్టడమే నన్ను ఎక్కువ కలచివేస్తుంది. ఆ పేరు పడ్డాక మనిషి ఊరు, పని ఎవరికీ అక్కర్లేకపోయాయి.

ఒకాయన మాత్రం అడిగారు. కలకత్తా విశ్వవిద్యాలయం మానవశాస్త్ర శాఖకు చెందిన తారక్‌చంద్ర దాస్ ఆ ఏడాదే సర్వే బృందంతో వీధుల్లోకి వెళ్లి ఏ ఊరు, ఏం పని, భూమి ఉందా, ఇంట్లో ఎవరు పోయారు అని రాసుకున్నారు. 1949లో ఆ సర్వేపై వచ్చిన పుస్తకం పేరులో ఆయనా ‘డెస్టిట్యూట్లు’ అనే అన్నారు. లోపలికి వెళ్తే వాళ్లు వ్యవసాయ కూలీలు, చిన్న కమతాల రైతులు.