నేల కోత వలలు, వాటి లంగర్లు

కొండవాలు, రోడ్డు గట్టు, కాలువ కట్ట వంటి చోట్ల వానకు మట్టి కొట్టుకుపోకుండా పరిచే పీచు వలను నేలకు బిగించే మేకులు, కొయ్యలు, తీగ లంగర్లకు కలిపి నేల లంగర్లని పేరు. గడ్డి వేరూనేదాకా చినుకు దెబ్బను వల కాస్తుంది. వలకూ మట్టికీ మధ్య సందు మిగిలితే మాత్రం నీరు ఆ సందులోనే పారి, పైకి కనబడకుండా అడుగున చాళ్లు కోసేస్తుంది. అందుకే ఈ విద్య చరిత్రలో వలకన్నా మేకుకు ఎక్కువ చోటివ్వాలి.

1930ల్లో కాలిఫోర్నియా కొండ రోడ్ల గట్లు జారుతుంటే, అటవీ శాఖకు చెందిన చార్లెస్ క్రేబెల్ వాలుకు అడ్డంగా వరుసలుగా కొయ్యలు దిగగొట్టించి, వాటి వెనక కంపమోపులు పాతించాడు. ఆ అనుభవాన్ని 1936లో పుస్తకంగా వెలువరించాడు. మోపుల స్థానంలోకి తర్వాత జనపనార వలలు, కొయ్యల స్థానంలోకి వంచిన ఇనుప తీగ మేకులు వచ్చాయి.

మన దేశంలో గట్ల రక్షణకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1974లో మార్గదర్శకాలు ఇచ్చింది. కొబ్బరి పీచు వలలకు భారతీయ ప్రమాణం 2008లో వచ్చింది. అందులో వాటి పేరు ‘భూవస్త్ర’. లిగ్నిన్ ఎక్కువ కావడంతో కొబ్బరి పీచు జనపనారకన్నా నిదానంగా కుళ్లుతుంది. నిటారు వాలు మీద గడ్డి ఆలస్యంగా పడుతుంది కనుక అక్కడ ఈ గుణం ఎంతో విలువైనది.

లోతు లంగర్ల వంశం వేరు. చూపులేని ఐరిష్ ఇంజనీరు అలెగ్జాండర్ మిచెల్ 1833లో మరమేకులా నేలలోకి తిరిగే ఇనుప స్తంభానికి పేటెంట్ పొందాడు. దాని మీద సముద్రపు ఇసుక మేటల్లో దీపస్తంభాలు నిలిచాయి. 1972లో ఫ్రాన్సులోని వెర్సాయ్ దగ్గర రైలుమార్గం వెడల్పు చేస్తూ, తవ్విన గట్టును ఉక్కు కడ్డీలతో కుట్టినట్టు బిగించారు. ఈ వంశానికే చెందిన దిగగొట్టే లంగరు కాజాలో దూరిన బొత్తాం లాంటిది. కడ్డీతో నేలలోకి కొట్టి తీగను వెనక్కి లాగితే, అడుగున అడ్డం తిరిగి పట్టేస్తుంది. పైన బిళ్ల వేసి వలను బిగిస్తారు.

పరిచే పద్ధతి పెద్దగా మారలేదు. ముందు వాలును చదును చేసి, రాళ్లు ఏరి, విత్తనం చల్లుతారు. గట్టు నెత్తిన గాడి తవ్వి వల అంచును అందులో మేకులతో బిగించి పూడుస్తారు. ఆ గాడి వదిలిపోతే వల మొత్తం జారుతుంది. అక్కణ్ణుంచి వల చుట్టను కిందికి దొర్లిస్తారు. లాగి బిగించకూడదు, లాగితే గుంటల మీద వల డోలు చర్మంలా తేలుతుంది. రెండు చుట్టలు కలిసే చోట పెంకుల్లా పైది కిందిదాన్ని కప్పాలి. గట్టి నేలకు పొట్టి మేకు చాలు, వదులు ఇసుకలో పొడవాటిది కావాలి. వాలు నిటారైన కొద్దీ మేకులు దగ్గరపడాలి.

పీచు కొన్నేళ్లలో మట్టిలో కలిసిపోయినా ఇనుప మేకు మిగిలే ఉంటుంది. గడ్డి కోత యంత్రాలు తిరిగే గట్ల మీద అందుకే వెదురు, కొయ్య మేకులు వాడతారు.