హిగ్స్ దొరికాక ఏమైంది? అసలు పని 2012 తర్వాతే!



2012 జులై 4. జెనీవా పక్కన సెర్న్ ల్యాబ్. రిజల్ట్ చెప్పగానే హాల్ మొత్తం చప్పట్లు. 83 ఏళ్ల పీటర్ హిగ్స్ కళ్లు తుడుచుకున్నారు. 1964లో ఆయన, ఇంకొందరు కాగితం మీద ఊహించిన కణం 48 ఏళ్లకు దొరికింది మరి. ఆ మరుసటి ఏడాదే ఆయనకీ, ఫ్రాన్స్వా ఆంగ్లేర్‌కీ నోబెల్ వచ్చింది. అప్పుడు నేను స్కూల్లో ఉన్నా. "దొరికేసింది కదా, కథ అయిపోయింది" అనుకున్నా.

కానీ కథ అవ్వలేదు. అసలు పరీక్ష అప్పుడే మొదలైంది.

ఎందుకంటే, థియరీ ఒక గట్టి రూల్ చెప్తుంది. ఒక మౌలిక కణానికి ద్రవ్యరాశి ఎంత ఎక్కువో, హిగ్స్‌తో దాని బంధం అంత బలం. టావ్ అనే కణం మ్యూవాన్ కంటే దాదాపు 17 రెట్లు బరువు. అంటే హిగ్స్‌తో దాని బంధం కూడా 17 రెట్లు ఉండాలి. ఏ ఒక్క కణం దగ్గర లెక్క తేడా వచ్చినా, థియరీలో ఏదో మిస్ అయినట్టే.

మరి బంధాన్ని ఎలా కొలుస్తారు? హిగ్స్ పుట్టీ పుట్టగానే విడిపోతుంది. దాన్ని నేరుగా చూడలేం. 27 కిలోమీటర్ల ఎల్‌హెచ్‌సీ రింగులో ప్రోటాన్లను ఢీకొట్టించి, హిగ్స్ ఏ కణాలుగా ఎన్నిసార్లు విడిపోయిందో లెక్కపెడతారు. ఎక్కువసార్లు అంటే ఎక్కువ బంధం.

ఇక్కడే ఒక వింత ఉంది. 100 హిగ్స్‌లలో దాదాపు 58 బాటమ్ క్వార్కులుగా విడిపోతాయి. రెండు ఫోటాన్లుగా మారేవి 1000కి 2 మాత్రమే. అయినా 2012లో ముందు దొరికిన దారుల్లో ఒకటి ఈ ఫోటాన్లే! ఎందుకు?

తిరుమల కొండ మీద ఫ్రెండ్‌ని వెతుకుతున్నారనుకోండి. గుర్తేంటంటే "గుండుతో ఉంటాడు" అన్నారు. ఇంకేం దొరుకుతాడు? బాటమ్ క్వార్కుల సంగతి అంతే. హిగ్స్‌తో సంబంధం లేకుండానే ఢీకొన్న చోట అవి కుప్పలుగా పుడతాయి.

అందుకే సైంటిస్టులు ఇంకో గుర్తు పెట్టుకున్నారు: "పక్కన ఎర్ర చొక్కా వేసుకున్న వాళ్లన్న ఉంటాడు." అంటే, హిగ్స్‌తో పాటు డబ్ల్యూ లేదా జెడ్ బోసాన్ కూడా పుట్టిన ఘటనల్నే ఏరారు. బాటమ్ క్వార్క్ ఉన్న కణం విడిపోయేలోపు కొన్ని మిల్లీమీటర్లు ప్రయాణిస్తుంది. ఆ చిన్న దూరాన్ని డిటెక్టర్లు పట్టుకుంటాయి. దాన్ని గుర్తించడానికి మెషిన్ లెర్నింగ్ కూడా వాడారు. చివరికి 2018 ఆగస్టు 28న అట్లాస్, సీఎంఎస్ టీమ్‌లు ప్రకటించాయి. అందరికంటే ఎక్కువగా జరిగేదాన్ని చూడటానికి ఆరేళ్లు పట్టింది!

టాప్ క్వార్క్‌ది ఇంకో తలనొప్పి. అది హిగ్స్ కంటే బరువు, కాబట్టి హిగ్స్ దానిగా విడిపోలేదు. అందుకే టాప్ జంటతో పాటే పుట్టిన హిగ్స్‌ని వెతికారు. అలాంటివి 100కి ఒకటి. అదీ 2018లోనే దొరికింది. లెక్క సరిపోయింది.

2020లో మ్యూవాన్ వంతు. 5000 హిగ్స్‌లలో ఒకటి మాత్రమే మ్యూవాన్ జంటగా మారుతుంది. సీఎంఎస్‌కి 3 సిగ్మా వచ్చింది. దాన్ని "ఆధారం" అంటారంతే. "కనుగొన్నాం" అనాలంటే 5 సిగ్మా కావాలి. అంటే ఉత్త యాదృచ్ఛికంగానే అలాంటి ఫలితం వచ్చే అవకాశం 35 లక్షల్లో ఒకటి ఉండాలి.

ఇప్పుడు అసలు పాయింట్. ఇప్పటిదాకా పక్కాగా తేలినవన్నీ బరువైన కణాలే. మనం, మీ చేతిలో ఫోన్, ఈ నేల అన్నీ అప్, డౌన్ క్వార్కులు, ఎలక్ట్రాన్లతో తయారయ్యాయి. వాటికి హిగ్స్‌తో ఉన్న బంధాన్ని ఎవరూ ఇంకా కొలవలేదు. ఎలక్ట్రాన్ మ్యూవాన్ కంటే 200 రెట్లు తేలిక, కాబట్టి ఆ ఘటన దాదాపు 40,000 రెట్లు అరుదు.

మన బరువులో ఎక్కువ భాగం హిగ్స్ ఇచ్చింది కాదు, ప్రోటాన్ లోపలి శక్తి నుంచి వచ్చింది. కానీ ఎలక్ట్రాన్‌కి ద్రవ్యరాశి లేకపోతే అణువే నిలవదు. అణువు లేకపోతే మనం లేం. అంటే మన ఉనికికి ఆధారమైన లెక్కే ఇంకా చెక్ అవ్వలేదు!

హిగ్స్ 2024లో కన్నుమూశారు. ఆయన రాసిన సమీకరణం మాత్రం ఇంకా పరీక్ష రాస్తూనే ఉంది. ఒక్కో కణం, ఒక్కో మార్కు.