రబ్బరు బుల్లెట్ ప్రాణం తీయదా? పోలీసులు వాడే ‘ప్రాణాంతకం కాని’ ఆయుధాల సంగతేంటి?

పర్ణశాల: భద్రాచలం నుంచి గోదావరి గట్టు వెంట 35 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది పర్ణశాల. రామయ్య భక్తులకు అది పుణ్యక్షేత్రం. చుట్టూ ఉన్న దుమ్ముగూడెం మండల గూడేలకు మాత్రం అడవి, పోడు, పట్టా రోజూ ఉండే గొడవలే. ఇక్కడ జనం గుమిగూడితే ఎదురుగా నిలబడేది పోలీసులో, ఫారెస్ట్ సిబ్బందో. అలాంటప్పుడు వాళ్ల చేతిలో ఏముండాలన్నదే అసలు ప్రశ్న. తుపాకీ వద్దు, లాఠీ సరిపోదు అన్నప్పుడు ముందుకొచ్చేవే బాష్పవాయువు, వాటర్ కానన్, రబ్బరు బుల్లెట్, పెల్లెట్ గన్. వీటిని ‘ప్రాణాంతకం కాని ఆయుధాలు’ అంటారు. మరి ఆ పేరు నిజమేనా?

ముదిగొండ, బషీర్‌బాగ్ ఏం చెబుతున్నాయి?

2007 జులై 28. పర్ణశాల కూడా ఖమ్మం జిల్లాలోనే ఉన్న రోజులవి. పేదలకు భూములు పంచాలంటూ వామపక్షాలు బంద్‌కు పిలుపునిచ్చాయి. ముదిగొండలో పోలీసులు జరిపిన కాల్పుల్లో ఏడుగురు చనిపోయారు. జనాన్ని చెదరగొట్టడానికి తూటా కాకుండా వేరే దారి లేదా అన్న చర్చ అప్పట్లో రాష్ట్రమంతా నడిచింది.

అయితే వేరే దారి ఉన్నంత మాత్రాన ప్రాణాలు దక్కుతాయన్న గ్యారంటీ లేదు. 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో విద్యుత్ చార్జీల పెంపుపై ఆందోళన జరిగింది. లాఠీలు, వాటర్ కానన్లు, బాష్పవాయువు అన్నీ వాడారు. ఆ తర్వాత కాల్పులూ జరిగాయి. ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు.

అంటే ఆయుధం మారితే చాలదు. దాన్ని ఎవరు, ఎంత దూరం నుంచి, ఎలాంటి చోట, ఏ హెచ్చరిక తర్వాత వాడారన్నదే ప్రాణం నిలబెట్టేది.

పేరు ఎందుకు మారింది?

ఇప్పుడు ఐక్యరాజ్యసమితి పత్రాల్లో ‘ప్రాణాంతకం కానివి’ అనడం లేదు. ‘తక్కువ ప్రాణాంతకమైనవి’ అంటున్నారు. తేడా చిన్నదిగా కనిపించినా విషయం పెద్దది. ఎందుకో ఒక్కొక్కటిగా చూద్దాం.

బాష్పవాయువు: పేరుకే వాయువు. నిజానికి ఇది సన్నటి రసాయన పొడి. షెల్ పేలినప్పుడు పొగలా గాల్లోకి లేస్తుంది. ఎక్కువగా వాడే సీఎస్ రసాయనాన్ని 1928లో కనిపెట్టారు. కళ్లు మండుతాయి, ఊపిరి ఆడదు, దగ్గు ఆగదు. ఆరుబయట అయితే చాలామందికి కాసేపట్లో తగ్గిపోతుంది. మూసిన గదిలో అయితే అదే పొగ ప్రాణం తీయొచ్చు. 2013 ఆగస్టులో ఈజిప్టులో ఖైదీల వ్యాన్‌లోకి బాష్పవాయువు వదిలితే 37 మంది చనిపోయారు. ఇక షెల్‌ను నేరుగా తలకు గురిపెడితే అది తూటాతో సమానం. 2019లో బాగ్దాద్ నిరసనల్లో షెల్స్ తలలోకి దూసుకెళ్లి పలువురు మరణించారు.

మిర్చి ఆధారిత షెల్స్: మిర్చి యార్డులో ఒక్కసారి తిరిగినవాళ్లకు ఆ ఘాటు ఏంటో తెలుసు. మిరపలో ఉండే ఘాటు పదార్థం లాంటిదే ‘పావా’. కశ్మీర్‌లో పెల్లెట్ గన్ల వల్ల కళ్లు పోతున్నాయని గొడవ పెరగడంతో 2016లో కేంద్రం పావా షెల్స్‌ను తెచ్చింది. మన దేశంలో బాష్పవాయువు షెల్స్ తయారుచేసే బీఎస్ఎఫ్ యూనిట్ గ్వాలియర్ దగ్గర టేకన్‌పూర్‌లో ఉంది.

రబ్బరు, ప్లాస్టిక్ బుల్లెట్లు: ఉత్తర ఐర్లాండ్‌లో 1970 నుంచి వీటిని వాడారు. మొత్తం 17 మంది చనిపోయారు. వాళ్లలో 8 మంది పిల్లలే. 1990 నుంచి వచ్చిన వైద్య నివేదికలను 2017లో పరిశోధకులు ఒకచోట చేర్చి చూశారు. ఇలాంటి బుల్లెట్లు తగిలిన 1,984 మందిలో 53 మంది చనిపోయారు, 300 మందికి శాశ్వత వైకల్యం మిగిలింది.

పెల్లెట్ గన్: ఒక్క గుండులో వందలాది చిన్న లోహపు రవ్వలుంటాయి. వదిలాక అవి ఎటు పోతాయో కాల్చినవాడికీ తెలియదు. రాయి విసిరినవాడికీ, పక్కన గుమ్మంలో నిలబడ్డ పిల్లకూ తేడా ఉండదు. అందుకే వీటిని జనంపై వాడొద్దని ఐరాస మార్గదర్శకాలు చెబుతున్నాయి.

వాటర్ కానన్: నీళ్లే కదా అనుకోవద్దు. 2010లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఆ నీటి ధాటికి ఓ పెద్దాయన కంటిచూపు దాదాపుగా పోయింది.

చట్టం ఏం అంటోంది?

ఆయుధాలు లేకుండా శాంతియుతంగా గుమిగూడే హక్కు రాజ్యాంగంలోని 19వ అధికరణం ఇచ్చింది. శాంతికి భంగం కలిగేలా ఐదుగురు లేదా అంతకంటే ఎక్కువ మంది చేరితే, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 148వ సెక్షన్ వర్తిస్తుంది. ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ గానీ, పోలీస్ స్టేషన్ ఇన్‌చార్జి గానీ ముందుగా వెళ్లిపొమ్మని ఆదేశించాలి. వినకపోతేనే బలప్రయోగం.

2011 జూన్‌లో ఢిల్లీ రామ్‌లీలా మైదానంలో అర్ధరాత్రి నిద్రపోతున్న జనంపై బాష్పవాయువు, లాఠీలు వాడారు. గాయపడిన ఒక మహిళ ఆ తర్వాత చనిపోయారు. 2012 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు పోలీసుల తీరును తప్పుబట్టింది. మృతురాలి కుటుంబానికి 5 లక్షల పరిహారం ఇవ్వాలని చెప్పింది. అదే సమయంలో సభ నిర్వాహకుల బాధ్యతనూ గుర్తుచేసి, పరిహారంలో 25 శాతం వాళ్లే భరించాలంది.

ఇంకో విచిత్రం. 1997లో అమల్లోకి వచ్చిన రసాయన ఆయుధాల ఒప్పందం ప్రకారం యుద్ధంలో బాష్పవాయువు వాడకూడదు. సొంత దేశంలో శాంతిభద్రతల కోసం మాత్రం వాడొచ్చు.

అడవిలో లెక్క వేరు

యూనిఫాం వేసుకున్నవాళ్ల ప్రాణాలూ ప్రాణాలే. 2022 నవంబర్ 22న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చండ్రుగొండ మండలంలో ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ చలమల శ్రీనివాసరావును కత్తులతో నరికి చంపారు. ఆ తర్వాత తమకు ఆయుధాలు కావాలని అటవీ సిబ్బంది గట్టిగా అడిగారు. ఆ భయంలో అర్థముంది. కానీ సిటీ రోడ్ల కోసం తయారైన సరంజామాను పోడు భూముల్లోకి తెస్తే కొత్త ప్రమాదాలు వస్తాయి.

ఒకటి, బాష్పవాయువు షెల్ బాగా వేడెక్కుతుంది. ఎండాకాలంలో ఎండుటాకుల్లోనో, గడ్డి కప్పు మీదో పడితే నిప్పు అంటుకోవచ్చు. రెండు, గొడవల్లో ముందు వరుసలో ఉండేది చాలాసార్లు ఆడవాళ్లు, వాళ్ల చంకలో పిల్లలు. మూడు, హెచ్చరిక తెలుగులో మాత్రమే ఇస్తే కోయ మాట్లాడే పెద్దవాళ్లకు అర్థం కాకపోవచ్చు. అర్థం కాని హెచ్చరిక హెచ్చరికే కాదు. నాలుగు, కంటికి దెబ్బ తగిలితే గంటలు కూడా కీలకమే. గూడెం నుంచి స్పెషలిస్ట్ డాక్టర్ దగ్గరికి చేరేసరికి ఆ గంటలు దారిలోనే అయిపోతాయి.

అసలు ఇబ్బంది ఇంకోటి ఉంది. ‘చావరులే’ అనే ధీమా ఉంటే చెయ్యి త్వరగా లేస్తుంది. మాటలతో తేలాల్సిన చోట షెల్ పేలుతుంది.

మీరు అక్కడ ఉంటే ఏం చేయాలి?

బాష్పవాయువు వదిలితే గాలి వచ్చే వైపు, ఆరుబయటికి వెళ్లండి. కళ్లు నలపొద్దు. శుభ్రమైన నీళ్లతో బాగా కడగండి. కాంటాక్ట్ లెన్స్ ఉంటే తీసేయండి. బట్టలు మార్చుకోండి. ఆయాసం తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్లండి. పెల్లెట్ గానీ, రబ్బరు బుల్లెట్ గానీ కంటికి తగిలితే మాత్రం కడగొద్దు, నొక్కొద్దు. పేపర్ కప్పు లాంటిది అడ్డుపెట్టి వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

ఈసారి ‘బాష్పవాయువు మాత్రమే ప్రయోగించారు’ అనే మాట వినపడితే నాలుగు విషయాలు అడగండి. ముందు హెచ్చరించారా? ఎంత దూరం నుంచి వదిలారు? జనం బయటపడే దారి ఉందా? గాయపడినవాళ్లకు వైద్యం ఎంతసేపటికి అందింది? ఆ ఆయుధం ప్రాణాంతకమా కాదా అన్నది వీటి జవాబులే చెబుతాయి.