తలకు తగిలే దెబ్బ - సైనిక చరిత్రలో దాని కథ

సుబేదారుగా రిటైరయ్యాక నేను ఛత్తీస్‌గఢ్‌లోని ఆరంగ్‌లో స్థిరపడ్డాను. రాయపూర్ నుండి మహానది వైపు పోయే హైవే మీద, భాండ్ దేవల్ అనే పాత జైన దేవాలయం ఉన్న ఊరు. ఈ రోడ్డు మీద మోటారు సైకిల్ పైనుంచి పడ్డ కుర్రాళ్ళు బట్టలు దులుపుకుని "కుఛ్ నహీ హువా" అని మళ్ళీ బండెక్కేస్తారు. రక్తం రాలేదు గనుక ఏమీ కానట్టే. మన పల్టన్లలోనూ చాలాకాలం ఇదే లెక్క. ఇది గాయమేనని సైన్యాలు ఒప్పుకోవడానికి దాదాపు నూరేళ్ళు పట్టింది.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ కందకాలలో (మన లాహోర్, మీరట్ డివిజన్లు కూడా అక్కడ పోరాడాయి) ఫిరంగి గుండు పక్కన పేలితే, ఒంటిమీద గీత కూడా లేని సిపాయికి చూపు మందగించేది, జ్ఞాపకం పోయేది. 1915 ఫిబ్రవరిలో చార్లెస్ మైయర్స్ అనే డాక్టరు ఇలాంటి ముగ్గురి సంగతి లాన్సెట్ పత్రికలో రాస్తూ 'షెల్ షాక్' అన్న మాట వాడాడు. మెదడు అదిరిందా, మనసు బెదిరిందా అన్నది మాత్రం తేలలేదు. బ్రిటిష్ సైన్యం కాగితం మీద తేల్చేసింది. శత్రువు గుండు పేలుడు వల్లయితే 'డబ్ల్యూ', అంటే గాయం. కాకపోతే 'ఎస్', అంటే జబ్బు. మొదటివాడికి గాయం పట్టీ, పెన్షను. రెండోవాడికి రెండూ లేవు. ఒక్క అక్షరం మీద ఒక ఇంటి కూడు ఆధారపడిందన్నమాట. 1917లో ఆ పేరే కాగితాల మీద రాయకూడదని ఉత్తర్వు వచ్చింది. పేరు తీసేస్తే బాధ పోతుందా!

1928లో అమెరికాలో మార్ట్‌లండ్ అనే డాక్టరు, ఏళ్ళ తరబడి తలమీద గుద్దులు తిన్న బాక్సర్లు తాగినవాళ్ళలా తూలడం గురించి రాశాడు. యూనిట్ బాక్సింగ్ ఆడినవారికి ఈ సంగతి అర్థమవుతుంది.

అసలు లోపల జరిగేదేమిటి? కురిడీ కొబ్బరికాయను ఊపితే లోపల కాయ కదిలి చిప్పకు కొట్టుకుంటుంది కదా, సుమారుగా అలాగే మెదడు కూడా కుదుపుకు గురవుతుంది. దీన్నే కన్‌కషన్ అంటారు. స్పృహ తప్పాలని లేదు. స్కానింగ్‌లో ఏమీ కనపడకపోవచ్చు. తలనొప్పి, మతిమరుపు, వెలుతురు పడకపోవడం, నిద్ర చెడటం, ఊరికే కోపం రావడం ఉంటాయి. మా యూనిట్‌లో ఒక నాయక్ మైను పేలుడు తరువాత నెలల తరబడి చీకట్లో కూర్చునేవాడు. అందరూ బహానా అన్నారు.

2020 జనవరిలో ఇరాక్‌లోని అల్ అసద్ స్థావరం మీద ఇరాన్ క్షిపణులు పడినప్పుడు అమెరికా వారు తమవాళ్ళెవరికీ దెబ్బలు తగలలేదని ముందు ప్రకటించారు. కొద్ది వారాలలో ఆ లెక్క నూరు దాటింది. అన్నీ మెదడు గాయాలే. వారిలో కొందరికి గాయపడినవారికిచ్చే పర్పుల్ హార్ట్ పతకం ఇచ్చారు.

కాబట్టి సర్వీసులో ఉన్న తమ్ముళ్ళు దెబ్బ తగిలిన రోజే ఎం.ఐ. రూంకు వెళ్ళి కాగితం మీద రాయించుకోండి. ఒకటి రెండు రోజులు విశ్రాంతి తీసుకుని మెల్లగా పనిలోకి రండి. మానకముందే మళ్ళీ తలకు దెబ్బ తగిలితే ప్రమాదం. పదే పదే వాంతులు, పెరిగే తలనొప్పి, ఫిట్స్, విడవని మగత ఉంటే ఆలస్యం చేయవద్దు. ఇక మనలాంటి పెద్దవాళ్ళలో, గుండెకు రక్తం పలచబడే మాత్రలు వాడేవారు బాత్‌రూంలో జారి తల తగిలినా సరే, నొప్పి లేకపోయినా సరే, ఆ రోజే ఆస్పత్రిలో చూపించుకోవాలి.